ఎనిడ్ దిగిరాని శనివారం

సెల్విన్ గాంట్‌కి ఎత్తంటే భయం. ఇంగ్లండులోని హల్ రేవులో చేపలు కోసేవాడతను. నిలువెత్తు చేపనైనా చిటికెలో ముక్కలు చేసేవాడు గానీ, నిచ్చెన రెండో మెట్టు మీద కాలు పెడితే చాలు, కాళ్లు రాళ్లైపోయి కదిలేవి కావు. ఈ సంగతి ఊళ్లో ఎవరికీ తెలీదు. ఇన్నేళ్లు కాపురం చేసిన ఎనిడ్‌కి కూడా తెలీదు. బల్బు మార్చాలంటే భుజం పట్టేసిందనేవాడు. పరదాలు కట్టాలంటే రేవులో పని ఉందనేవాడు. ఇంటి కప్పు మీద పెంకు జారి అటకగది కారడం మొదలైతే, "ఆదివారం చూస్తాలే" అన్నాడు. అలా ఎన్ని ఆదివారాలు పోయాయో లెక్కలేదు.

ఆ అటకగదిలో కోలిన్ ప్రౌట్ అనే కుర్రాడు అద్దెకుండేవాడు. ఇంకో ముగ్గురితో కలిసి 'టిన్ బిషప్' అని ఒక రాక్ బ్యాండు పెట్టుకున్నాడు. నలుగురికీ మకాం, భోజనం గాంట్‌ల ఇంట్లోనే. వానొచ్చిన రాత్రి కోలిన్ గుండెల మీద గిన్నె పెట్టుకుని పడుకునేవాడు.

డెబ్బై ఒకటో సంవత్సరం, మార్చి నెల. ఒక శనివారం మధ్యాహ్నం సెల్విన్ రేవు నుంచి వచ్చేసరికి వీధి వీధంతా మెడలెత్తి పైకి చూస్తోంది. కప్పు మీద, పొగగొట్టానికి ఆనుకుని, ఏప్రన్ కట్టుకుని, చేతిలో సుత్తితో ఎనిడ్ కూర్చుని ఉంది.

"పెంకు వేసేశాను!" అని అరిచింది.

సంతోషించాల్సిన మనిషి సిగ్గుతో ఉడికిపోయాడు. ఆ ఉడుకులో నోరు జారాడు. "ఎవరు వెయ్యమన్నారు? రేపు నేనే వేద్దామనుకున్నా! ఆడవాళ్లు వేసిన పెంకు ఒక్క వానకి ఆగుతుందా?"

ఎనిడ్ సుత్తి పక్కన పెట్టింది. "అలాగా. అయితే నువ్వే పైకొచ్చి చూసి చెప్పు. చెప్పేదాకా నేను దిగను."

"ఇక్కణ్ణించి కనిపిస్తూనే ఉందిలే!"

"అక్కణ్ణించి నీకు కనిపించేది నీళ్ల గొట్టం. పైకి రా."

సెల్విన్ నిచ్చెన వంక చూశాడు, నేల వంక చూశాడు, "నేను రాను" అనేసి లోపలికి పోయాడు. పిరికివాడనిపించుకోవడం కంటే మొండివాడనిపించుకోవడమే నయమనుకున్నాడు.

సాయంత్రానికి అందరూ నిచ్చెన ఎక్కడం మొదలెట్టారు. ఎదురింటి మిసెస్ పాస్క్ కండువా చుట్టుకుని ఎక్కి, టీ ఫ్లాస్కు ఇచ్చి, పెంకు తడిమి, "మా ఆయన కంటే బాగా వేశావే" అని దిగింది. ఫైరింజను వచ్చింది. ఆఫీసరు ఎక్కాడు. "మంటేదీ?" అని అడిగింది ఎనిడ్. లేదన్నాడు. "మరి మీకేం పని?" ఆయన పెంకు మీద వేలితో తట్టి, "పని శుభ్రంగా ఉందమ్మా" అని సెల్యూట్ కొట్టి దిగిపోయాడు. పెంకు మీదికెక్కిన ఈ పెంకిదాన్ని దింపడం నా వల్ల కాదని కింద చేతులెత్తేశాడు.

అసలు చిక్కు బ్యాండువాళ్లకి వచ్చింది. సామాన్ల గదికి తాళం, తాళంచెవి ఎనిడ్ నడుముకి. రొట్టె, గుడ్లు, పందిమాంసం అన్నీ లోపల. వాళ్ల జేబుల్లో చిల్లిగవ్వ లేదు. కోలిన్ వంటింటి కిటికీలోంచి వైరు లాగి, పెరట్లో నిలబడి గిటారు అందుకున్నాడు.

"పొగ పైన కొలువైన తల్లీ, తాళంచెవి నీ నడుమునుంది,
చీకట్లో రొట్టె ఉంది, దిగిరావా?
ఆరిన పొయ్యిలో బొగ్గురాళ్లు,
కింద నిలబడ్డవాడికి రాతికాళ్లు,
దిగిరావా, తల్లీ, దిగిరావా?"

"రాగం బాగుందిరా! రెండో ముక్క చప్పగా ఉంది!" అంది ఎనిడ్ పైనుంచి.

"కడుపు కూడా అలాగే ఉందమ్మా!" అన్నాడు కోలిన్.

వంటింట్లో కూర్చున్న సెల్విన్‌కి రాతికాళ్లన్న మాట వినగానే ఒళ్లు చల్లబడింది. వీడికెలా తెలిసింది?

ఆ రాత్రి ఎనిడ్ దుప్పటి కప్పుకుని, ముందుగది చలిమంటకి వెచ్చబడ్డ పొగగొట్టాన్ని కరుచుకుని కునుకు తీసింది. సెల్విన్ పెరట్లో కుర్చీ వేసుకుని, ఆవిడ ఎక్కడ జారిపడుతుందోనని తెల్లారేదాకా పైకే చూస్తూ కూర్చున్నాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక పాదిరీ గారు అంగీ ఎత్తి పట్టుకుని నిచ్చెనెక్కి, పెంకుని దీవించి దిగారు. మధ్యాహ్నమైంది. కుర్రాళ్లు డ్రమ్ములు వాయించేవాడి అమ్మ ఇంటికి భోజనానికి పోయారు. వీధిలో జనం ఎవరి బల్లల దగ్గర వాళ్లు కూర్చున్నారు.

ఎవరూ చూడటంలేదని రూఢి చేసుకుని సెల్విన్ కళ్లు మూసుకుని నిచ్చెనెక్కాడు. ఎలా ఎక్కాడో అతనికే తెలీదు. చూరు అందేసరికి రెండు చేతులతో నిచ్చెనని కావలించుకుని ఆగిపోయాడు.

"ఎనిడ్."

"వచ్చావా! చూడు మరి."

"కళ్లు తెరవలేను."

"ఏం, పొగా?"

"భయం."

ఎనిడ్ కిందికి తొంగి చూసింది. "ఎప్పట్నుంచి?"

"పుట్టినప్పట్నుంచి."

"మరి పెళ్లికి ముందు చర్చి గోపురమెక్కి నాకు చెయ్యూపింది ఎవరు? ఆ చెయ్యి చూసేగా నేను సరేనన్నాను!"

"అది మా తమ్ముడు రాల్ఫ్. నా కోటు వేసుకుని ఎక్కాడు."

"అంటే నేను మనసుపడింది రాల్ఫ్‌నా?"

"కోటు నాదే" అన్నాడు సెల్విన్, ఏడుపు గొంతుతో.

ఎనిడ్‌కి నవ్వొచ్చింది. నిచ్చెన ఊగేంతగా నవ్వింది. "ఊపకే తల్లీ!" అని అతను గావుకేక పెట్టాడు. ఆవిడ నవ్వాపుకుని, పాక్కుంటూ చూరు దాకా వచ్చి, అతని చెయ్యి పట్టుకుని చూరు పక్కనే ఉన్న ఆ పెంకు మీద పెట్టింది. చల్లగా, గట్టిగా, అంగుళం కదలకుండా ఉంది.

"బాగా కూర్చుంది" అన్నాడతను. "నేనైతే ఇంత బాగా వేసేవాణ్ణి కాదు. అసలు వేసేవాణ్ణే కాదు."

"ముందే చెప్పి ఉంటే పోయేదిగా, పిచ్చి మనిషీ. ఎడం కాలు దించు. అది కాదు, అది కుడి."

అలా ఒక్కో మెట్టూ చెబుతూ అతన్ని దింపి, వెనకాలే తను దిగింది. కుర్రాళ్లు వచ్చేసరికి పొయ్యి మీద మాంసం వేగుతోంది. ఎలా దిగారని అడిగితే ఎనిడ్ కంచాలు అందించింది, సెల్విన్ రొట్టె కోశాడు. అందుకే ఆ పాటకి ముగింపు లేదు. చివర గిటారు అలా మోగుతూ మోగుతూ దూరమైపోతుంది.

ఆ పాట రికార్డై దేశమంతా మార్మోగింది. పొగ మీది తల్లి చంద్రుడని ఒకరు, మృత్యుదేవతని ఒకరు రాశారు. తాళంచెవి స్వర్గానిదని ఒక పాస్టరు వాదించాడు. జుట్టు పెంచుకున్న పిల్లలు కొవ్వొత్తులు పట్టుకుని వీధిలో నిలబడి కప్పుకేసి దణ్ణాలు పెట్టేవారు. ఎనిడ్ తలుపు తీసి, "కాళ్లు తుడుచుకుని రండి" అనేది. ఒక ప్రొఫెసరు రాతికాళ్లవాడంటే పైలోకాన్ని అందుకోలేని మానవజాతి అని పుస్తకమే వేశాడు. పబ్బులో ఆ పాట వచ్చినప్పుడల్లా సెల్విన్ బీరు సగంలో వదిలేసి బయటికెళ్లేవాడు. లోకమంతటికీ తన గుట్టు తెలిసిపోయిందని అతని బాధ.

ఒకసారి కోలిన్ బొచ్చుకోటు వేసుకుని, పొడుగాటి కారులో భోజనానికొచ్చాడు. సెల్విన్ అతన్ని పెరట్లోకి లాక్కెళ్లి గొంతు తగ్గించి అడిగాడు. "నిజం చెప్పు బాబూ. రాతికాళ్లని ఎందుకన్నావ్?"

కోలిన్ బిత్తరపోయాడు. "బొగ్గురాళ్లకి ప్రాస కుదరాలి కదండీ. ముళ్లు అనుకున్నా, నీళ్లు అనుకున్నా. కాళ్లు కుదిరింది."

"అంతేనా?"

"అంతే."

సెల్విన్ గుండె తేలికపడింది. మరుక్షణం ఎందుకో కాస్త చిన్నబోయాడు కూడా. మానవజాతి నుంచి ఒక్కసారిగా మామూలు సెల్విన్ అయిపోయాడు.

భోజనాల దగ్గర కోలిన్ ఎనిడ్‌ని అడిగాడు. "అమ్మా, పత్రికలవాళ్లు నన్ను చంపుతున్నారు. ఆవిడ చివరికి ఎలా దిగిందంటారు. ఏం చెప్పను?"

ఎనిడ్ సెల్విన్ వంక చూసింది. అతను కంచంలోకి చూస్తున్నాడు. "నిచ్చెన మీంచి దిగిందని చెప్పు. ఇంకెలా దిగుతారు?"

కోలిన్ అక్షరాలా అదే చెప్పాడు. ఆ వారం పత్రికలో నిచ్చెనకి అర్థమేమిటని రెండు పేజీలు వచ్చాయి. సెల్విన్ దాన్ని పైకి చదివి వినిపిస్తుంటే, సగంలోనే ఎనిడ్ కుర్చీలో నిద్రపోయింది.