మొలతాడు కింది పుండు

నా నడుముకు కుడిపక్కన, మొలతాడు ఒరుసుకునే చోట ఒక పుండు లేస్తుంది. ఆసుపత్రిలో దాన్ని కోసి తీసేస్తారు. రెండేళ్ళు తిరిగేసరికి అదే చోట మళ్ళీ లేస్తుంది. చర్మానికి వచ్చే క్యాన్సర్ అన్నారు. నగర్తపేటలో పట్టునూలుకు పురి తిప్పించే చిన్న కార్ఖానా నాది. కాఫీ తప్ప ఏ అలవాటూ లేదు. ఊళ్ళో ఇంతమంది తాగుబోతులుండగా అది నన్నే ఎందుకు వెతుక్కుంటూ వచ్చిందో నాకు అంతుపట్టలేదు.

పంతొమ్మిదివందల అరవై మూడులో మూడోసారి కోశారు. కుట్లు విప్పుతూ డాక్టరు కన్నడంలో అన్నాడు, "వెంకటగిరియప్పా, ఆ తాడు మళ్ళీ కట్టుకోవద్దు. ఏళ్ళ తరబడి ఒకేచోట ఒరుసుకుంటే ఇలా రావచ్చు."

"రావచ్చా, దానివల్లే వచ్చిందా?" అని అడిగాను.

"రావచ్చు" అన్నాడు. పెద్ద చదువులు చదివినవాళ్ళతో ఇదే తంటా. అవుననరు, కాదనరు, మన నెత్తిన ఒక అనుమానం పెట్టి పంపిస్తారు.

మాలో పెళ్ళయిన మగవాడికి మొలతాడు తెంచేది వాడు పోయినప్పుడు, లేదా వాడి పెళ్ళాం పోయినప్పుడు. ఆసుపత్రిలో వాళ్ళకు ఈ పట్టింపులేమీ లేవు, ప్రతిసారీ కత్తెరతో తెంపేస్తారు. నేను ఇంటికి రాగానే నా భార్య భాగీరథమ్మ కొత్త నల్లతాడు దేవుడి ముందు పెట్టి, కళ్ళకద్దుకుని, తన చేత్తోనే కట్టేది. జారిపోకూడదని బిగించి మరీ కట్టేది.

ఆ రోజూ తాడు పట్టుకుని సిద్ధంగా నిలబడింది. డాక్టరు మాట చెప్పాను.

"నేనుండంగానే మొలతాడు లేకుండా ఎట్ల తిరుగుతావప్పా?" అంది.

"డాక్టరు వద్దన్న్యాడే."

చేతిలోని తాడు వంక చూసుకుంది. తర్వాత మెల్లగా అడిగింది, "అంటే నేను బిగించి కట్టిందానికే వచ్చిండాదా?"

"రావచ్చు అన్న్యాడు. వచ్చింది అన్లేదు."

ఆ తేడా ఆమెకు ఎక్కలేదు. నిజం చెప్పాలంటే నాకూ ఎక్కలేదు. తాడు తీసుకెళ్ళి పెట్టెలో పెట్టేసింది. అప్పట్నుంచీ నన్ను ముట్టుకోవడం మానేసింది. కట్టు మార్చాలంటే మా తమ్ముడు గోపాలప్పను పిలిపించేది. తిట్టాను, బతిమాలాను. "నా చెయ్యి మంచిది కాదప్పా" అనేది. ముప్ఫై ఏళ్ళు కాపురం చేసిన మనిషి ఒకే ఇంట్లో చుట్టంలా తిరుగుతుంటే, నా రోగం కంటే అదే నన్ను ఎక్కువ కోసింది.

ఏడాది దాటాక వీపు మీద, భుజం ఎముక పక్కన దురద మొదలైంది. గోపాలప్ప చూసి, గట్టిగా గడ్డలా ఉండాది అన్నాడు. ముక్క తీసి పరీక్షకు పంపారు. అదే జబ్బు.

"ఇక్కడ తాడేమీ లేదు కదా సార్?" అని అడిగాను.

"కొందరికి ఎక్కడైనా లేస్తుంది" అన్నాడు డాక్టరు. సోమవారం వచ్చి చేరమన్నాడు. అలాగైతే మొదటిది తాడువల్ల వచ్చినట్టా, రానట్టా? ఆ మాటా చెప్పలేదు.

ఇంటికొచ్చి చెబితే భాగీరథమ్మ చొక్కా విప్పమంది. వెనక నిలబడి చాలాసేపు చూసింది. తర్వాత ఆమె వేలు గడ్డ చుట్టూ తిరిగింది.

"ఈడ నేనేమీ కట్టలేదు కదప్పా" అంది.

"లేదే."

"అయితే నా చెయ్యి కాదు."

తిరిగి చూశాను. కళ్ళనీళ్ళు కారుతున్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది. నన్ను చంపగలిగే గడ్డను చూసి నా పెళ్ళాం సంతోషపడుతోంది. కోపం రావాలి, రాలేదు. ఆమెను చూసి నేనూ సంతోషపడ్డాను. భయం ఆ తర్వాత వచ్చింది, ఇద్దరికీ ఒకేసారి.