గుట్ట వెనక ఇల్లు

ఒడ్డు కోతను కొలిచే ఉద్యోగం కాబట్టి ఊళ్లో అందరూ ఆమెను కొలతలమ్మ అనేవారు. సముద్రం ఏ ఏటికి ఎంత లోపలికి వచ్చిందో కొలిచి ఆఫీసులో చెప్పడం ఆమె పని. ఈమధ్య ఇంకో పని కూడా నెత్తినపడింది. సముద్రం పక్కనున్న చివరి వీధి వాళ్లకు నచ్చజెప్పి, గుట్ట వెనక కట్టిన కొత్త ఇళ్లలోకి పంపించాలి.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా అని ముందు సొంత అక్క దగ్గరికే వెళ్లింది. అక్కా బావా ఆ వీధిలోనే, నీళ్లకు ఎదురుగా ఉండేవారు. కింద బావ పడవల ఇంజన్లు బాగుచేసే షెడ్డు, పైన రెండు గదులు. ఆమె మాట ఎత్తగానే బావ నవ్వేశాడు. సముద్రమే గుమ్మంలోకొస్తే పడవ కట్టుకోవడానికి ఒడ్డుదాకా నడిచే బాధ తప్పుతుందన్నాడు. ఆమె అతన్ని షెడ్డు వెనక్కి తీసుకెళ్లింది. పునాది కింద ఇసుక జారిపోయి, గోడ బీటలో చెయ్యి పట్టేంత సందు పడింది. బావ నవ్వు ఆగిపోయింది. వానలు మొదలవకముందే సామాను సర్దుకుని గుట్ట వెనక్కి వెళ్లిపోయారు.

తీరా చూస్తే ఆ ఏడు సముద్రం పిల్లిలా పడుకుంది. కొలతలమ్మకు జడిసి అలలు వెనక్కి పోయాయని వీధిలో వేళాకోళం మొదలైంది. కదులుదామనుకున్న వాళ్లు కూడా కాళ్లు చాపుకుని కూర్చున్నారు. అదొక ఎత్తు, బావ సంగతి ఒక ఎత్తు. అంతంత బరువు ఇంజన్లు గుట్ట ఎక్కించి ఎవరు తెస్తారు? కొత్తింటి అరుగు మీద పొద్దస్తమానం ఊరికే కూర్చునేవాడు. అతని గోళ్లలో ఎప్పుడూ ఉండే నల్లటి మడ్డి పోయింది. ఆ శుభ్రమైన చేతుల్ని చూస్తే అక్కకు భయమేసేది.

మెల్లగా బావ మళ్లీ పాత షెడ్డుకు వెళ్లడం మొదలుపెట్టాడు. మొదట్లో పొద్దుటిపూట వెళ్లొచ్చేవాడు, తర్వాత అక్కడే ఉండిపోయాడు. అక్క కబురు పంపితే కొలతలమ్మ వెళ్లింది. గొలుసుకు వేలాడుతున్న ఇంజను కింద బావ పనిలో ఉన్నాడు.

"నువ్వు చెప్పింది అబద్ధమని కాదు మరదలా," అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "అక్కడ నాకేం కాదు, నిజమే. కానీ అక్కడ నేనేం చెయ్యను?"

ఆమె ఇక బలవంతపెట్టలేదు. తుపాను సైరన్ మోగితే మాత్రం చేతిలో పని చేతిలోనే వదిలేసి రావాలని మాట తీసుకుంది. ఆపదలో ఎవరు ఎవర్ని మోసుకురావాలో వీధి వాళ్లతో సాధన చేయిస్తున్న రోజులవి. మంచం పట్టిన దర్జీ తాతను బావకు అప్పగించింది.

మరుసటి ఏడు ఒక మధ్యాహ్నం సైరన్ మోగింది. కొలతలమ్మ గుట్ట మొదట్లో నిలబడి, వచ్చినవాళ్లను వచ్చినట్టు లారీ ఎక్కిస్తోంది. బావ తాతను వీపున వేసుకుని, మోకాలిలోతు నీళ్లలో వచ్చాడు. తాతను లారీలో కూర్చోబెట్టి వెనక్కి చూశాడు.

"గొలుసు మీద ఇంజనుంది. పరాయివాడి సొత్తు, పాపం. పైగదిలోకి ఎక్కించి వచ్చేస్తా."

"వద్దు బావా. పోతే పోనీ."

ఆమె అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. చంటిపిల్లతో వస్తున్న ఒకావిడ పక్కనే కాలు జారింది. ఆవిడను పట్టుకోవడానికి కొలతలమ్మ చొక్కా వదిలింది. తిరిగి చూసేసరికి బావ వీధి మధ్యలో ఉన్నాడు. పిలిచింది, గాలికి వినబడలేదు. కాసేపటికి షెడ్డు వెనకగోడ కూలింది.

నీళ్లు తీశాక అతని శవాన్ని వెతికి తెచ్చారు. ఆ వీధిలో ఇంకెవరికీ ఏమీ కాలేదు. ఆఫీసులో పైవాళ్లు ఆ మాటే చెప్పి ఆమెను మెచ్చుకున్నారు. ఆమె తలొంచుకుని వింది.

అక్క తిట్టలేదు. తిడితే బాగుండేది. చాలా రోజుల తర్వాత, ఒక సాయంత్రం అన్నం పెడుతూ, తలెత్తకుండా అంది.

"నువ్వు మా మంచికే చెప్పావు, కాదనను. తలదాచుకోను చోటు చూపించావు. ఆయన చేతులకు పని చూపించలేదు."



చివరి వీధి తనంతట తానే ఖాళీ అయింది. తలుపులు, కిటికీలు ఊడదీసి లారీల్లో వేసుకుంటున్న వాళ్లకు ఎవరూ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. కొలతలమ్మ ఇప్పుడు ఆఫీసులో ఒకటే మాట పట్టుకుంది. గుట్ట దాటి బండ్లు వచ్చే దారి వెయ్యండి, పనిషెడ్లు కట్టండి, ఆ తర్వాతే ఇళ్ల సంగతి అంటుంది. చూద్దాం అంటున్నారు వాళ్లు. ఆమె వారం వారం వెళ్లి అడుగుతూనే ఉంది. అక్క ఇప్పటికీ ఆమెతో పొడిపొడిగానే మాట్లాడుతుంది.