ఒక్క సన్నాయి రికార్డు

ఉయ్యూరు బసవయ్య ఇరవై ఏళ్లుగా కోటిలింగం, వీరేశం అనే సన్నాయి సోదరుల కచేరీ ఒక్కటీ వదల్లేదు. దండ మాత్రం అన్న కోటిలింగానికే వేసేవాడు. "అన్నగారి చలవతో నెగ్గుకొస్తున్నారండీ" అని ఒకసారి తమ్ముడు వీరేశంతో అనేశాడు కూడా. వీరేశం నవ్వేశాడు.

నిరుడు అన్నదమ్ములు విడిపోయారు. ఇప్పుడు కోటిలింగం ఒక్కడే వాయించిన రికార్డు వచ్చింది. బసవయ్య రెండు వైపులా విన్నాడు. స్వరం తప్పలేదు. కానీ ఇన్నేళ్లూ తనని ఏడిపించిన ఆ జారుడు గమకం ఎక్కడా లేదు. అది వీరేశానిది.

"దండ పడాల్సిన మెడ అది కాదే," అన్నాడు భార్య మాణిక్యమ్మతో.

మర్నాడే బస్సెక్కి విజయవాడలో వీరేశం ఇంటికి వెళ్లాడు. క్షమించమందామని వచ్చినవాడు గుమ్మంలో నిలబడి ఎండల సంగతి ఎత్తాడు.

"అన్నయ్య రికార్డు విన్నారా? ఎట్లా ఉందండీ?" అని వీరేశమే ఆత్రంగా అడిగాడు.

"బాగా వాయించారండీ," అని బసవయ్య తల దించుకున్నాడు.