రోజుకో బొమ్మ

మా అత్తయ్య ఫోను చూస్తే నాకు ఒళ్లు మండేది. అది ఫోను కాదు, సంత. ఎవరితోనైనా మాట్లాడదామని నంబరు నొక్కితే ముందొక ప్రకటన వచ్చి కూర్చుంటుంది. దాన్ని మూసే గుర్తు ఆవగింజంత. ఆవిడ వేలు దాని మీద పడదు, పక్కన పడుతుంది, ఇంకో ప్రకటన తెరుచుకుంటుంది. తాళం వేసి ఉన్న తెర కూడా ఊరికే ఉండదు. పొద్దున్నే రోజుకో కొత్త బొమ్మ, దాని కింద చీమతలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరో ఏదో అమ్ముతూ ఉంటారు. చవక ఫోను తయారుచేసినవాడు మనకి తక్కువకి ఇచ్చినట్టే ఇచ్చి, మన కళ్లని ఇంకొకరికి అద్దెకిస్తాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ పట్టేది కాదు, నాకు తప్ప.

నేను ఒక ప్రెస్సులో పుస్తకాలకి పేజీలు కూరుస్తాను. కంప్యూటరు మొరాయిస్తే మాత్రం అందరూ నన్నే కేకేస్తారు. మూలన పడేసిన పాత కంప్యూటర్లలో ఓపెన్ సోర్స్ సిస్టమ్ ఎక్కించి మళ్లీ పనిలోకి దించింది నేనే. దాని లోపలి రాతంతా అందరికీ కనబడేలా ఉంటుంది, ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, బాగుచేసి తిరిగి పెట్టొచ్చు. అందుకే అందులో దొంగచాటుగా ఏమీ దూరదు. అలాంటిదే ఫోనులకీ ఉంది. అత్తయ్య ఫోనుకీ ఎవరో పుణ్యాత్ములు తయారుచేసి పెట్టారని తెలిశాక నా చేతులు ఊరుకోలేదు.

ఆ ఫోను కొని పంపింది అత్తయ్య చెల్లెలు, అంటే నాకు చిన్నత్తయ్య. అక్కాచెల్లెళ్లకి మాటల్లేవు. వాళ్లమ్మ పోయాక, ఇద్దరూ పని నేర్చుకున్న అమ్మ కుట్టుమిషనుని చిన్నత్తయ్య ఎవరో కొత్తగా కుట్టు నేర్చుకుంటున్న అమ్మాయికి ఇచ్చేసింది. అక్కతో మాట మాత్రం అనలేదు. అది అత్తయ్యకి మింగుడు పడలేదు. కొన్నాళ్లకి అత్తయ్య పాత ఫోను నీళ్లలో పడి పాడైందని ఎవరో చెప్పగా విని, చిన్నత్తయ్య తన భర్త చేత ఈ ఫోను పంపింది. ఆయన గుమ్మంలోనే నిలబడి ఏవో నొక్కి చూపించి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు. అత్తయ్య ఫోను ఉంచుకుంది, చెల్లెలికి మాత్రం ఫోను చెయ్యలేదు. రెండేళ్లు దాటినా ఆ పంతం అలాగే ఉంది.

సెలవు రోజున భోజనాల బల్ల ఖాళీ చేయించి పని మొదలుపెట్టాను. అత్తయ్య కిటికీ పక్కన కూర్చుని దర్జీ కొట్టు నుంచి వచ్చిన చొక్కాలకి బొత్తాలు కుడుతోంది. ముందు నంబర్లు, ఫొటోలు, పాత మెసేజీలు అన్నీ నా కంప్యూటరులోకి తీసి దాచాను. ఎందుకంటే ఫోనులో వేరే సిస్టమ్ ఎక్కించాలంటే కంపెనీవాడు లోపల వేసిన తాళం తీయాలి, తీసిన మరుక్షణం అందులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. పైగా ఇక మాకు సంబంధం లేదని కంపెనీవాడు తెర నిండా బెదిరింపు రాసి పెడతాడు. మా ఆయన నా భుజం మీదుగా అది చదివి, పుణ్యముంటుంది వదిలెయ్యమన్నాడు. వదిలెయ్యడానికా బల్ల ఖాళీ చేయించింది?

ఆ కంపెనీవాళ్లు ఒకే మోస్తరు ఫోనులు రెండు చేశారు, పేరులో చివరి అక్షరమే తేడా. ఒకదానిది ఇంకోదానికి ఎక్కిస్తే ఇక అది గుమ్మానికి అడ్డం పెట్టుకోవడానికే పనికొస్తుంది. వెనక అట్ట మీద అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి. బ్యాటరీ ఊడదీసి, కింద ఉన్న కాగితం ముక్క మీద చూసుకుని సరైనదే దించుకున్నాను. తాళం తీశాను, ఎక్కించడం మొదలుపెట్టాను. సగంలో తెర నల్లబడింది.

"పోయినట్టేనా?" అన్నాడు మా ఆయన.

నేను కొరకొరా చూసేసరికి ఆయనకి బజారులో ఏదో పని గుర్తొచ్చింది. ఆయన వెళ్లాక ఫోనుని కంప్యూటరుకి కలిపిన వైరు కదిపి చూశాను. తీరా చూస్తే పాడైంది ఫోను కాదు, వైరు. ముట్టుకుంటే చాలు వదులైపోతోంది. వేరే వైరు పెట్టి మళ్లీ మొదటి నుంచీ చేశాను. ఈసారి బుద్ధిగా ఎక్కింది. నొక్కితే పలుకుతోంది, ప్రకటనలు లేవు, తెర కడిగిన పళ్లెంలా ఉంది. నంబర్లూ ఫొటోలూ తిరిగి పెట్టి, అక్షరాలు పెద్దవి చేసి ఇచ్చాను. అత్తయ్య అటూ ఇటూ తిప్పి చూసి బాగుందంది. ఆ ఒక్క మాటకే పొంగిపోయాను.

మర్నాడు పొద్దున్న ఆవిడ ఫోను తీసి చూసి కింద పెట్టింది. కాసేపాగి మళ్లీ చూసింది. ఆ మర్నాడూ అదే వరస. సూది చేతిలో ఉంది గానీ బొత్తం పడటం లేదు, అన్నం ముందు కూర్చుని కెలికి లేచిపోతోంది. అడిగితే తలనొప్పి అంది. సాయంత్రం మాత్రం నా దగ్గరికి వచ్చి, ఈ కొత్తది పెట్టాక బయటి నుంచి వచ్చేవి ఆగిపోతాయా అని అడిగింది. నా పనికి వంక పెడుతోందేమోనని నాకు చిర్రెత్తుకొచ్చింది.

"ఎందుకాగుతాయి అత్తయ్యా? ఎవరు ఏం పంపినా వస్తుంది. రాలేదంటే వాళ్లు పంపలేదనే" అన్నాను.

ఆవిడ తలూపి వెళ్లిపోయింది.

తెల్లారి నేను ప్రెస్సుకి బయల్దేరబోతుంటే అత్తయ్య చేతిసంచీతో, చెప్పులేసుకుని ముందుగదిలో నిలబడి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఎక్కడికని అడిగాను. చెల్లెలింటికంది. నా చెవులని నేనే నమ్మలేదు.

"దానికేదో అయిందమ్మాయ్. రెండేళ్లుగా రోజూ పొద్దున్నే బొమ్మ పంపేది. ఒక్కరోజు మానలేదు. నోరు తెరిచి తప్పయిందనలేక అలా పంపుతోందని నాకు తెలుసు. మాట కూడా రానీ, అప్పుడు చూద్దాంలే అని నేనే బిగుసుకుని కూర్చున్నాను. ఇప్పుడు అదీ ఆగిపోయింది. రాలేదంటే పంపలేదనేగా?"

ఆవిడ చెప్పేది తాళం తెర మీద రోజూ మారే ఆ ప్రకటన బొమ్మ గురించి. ఆవిడ ఫోను తెరుచుకున్నప్పుడల్లా ముందు ఆ బొమ్మనే చూసేదన్నమాట. కింది అక్షరాలు కళ్లజోడు పెట్టుకున్నా ఆవిడకి ఆనవు. నిజం చెబితే సంచీ దించేస్తుంది, ఇక ఈ జన్మలో చెల్లెలి గడప తొక్కదు. చెప్పకపోతే అక్కడికి వెళ్లి చెల్లెలి ముందు నవ్వులపాలవుతుంది. ఏం చెయ్యాలో తోచక, వెళ్లే ముందు ఒకసారి ఫోను చేసి కనుక్కోమన్నాను. పిరికితనమే అది, చెప్పాల్సిన నిజాన్ని చిన్నత్తయ్య నెత్తిన పడేశాను.

అత్తయ్య బల్ల దగ్గర నిలబడే నంబరు నొక్కి, ఎప్పటిలాగే స్పీకరు పెట్టి ఫోను బల్ల మీద ఉంచింది. అవతల వెంటనే ఎత్తారు.

"ఒసేయ్, ఒంట్లో ఎలా ఉందే?"

"బాగానే ఉన్నానక్కా. ఏమైంది?" అంది చిన్నత్తయ్య.

"బొమ్మలు పంపడం మానేశావుగా, అందుకని చేశాను."

"ఏం బొమ్మలు?"

"రోజూ పంపేదానివి కాదూ? కొండలూ, పడవలూ."

"నేనేం పంపలేదక్కా. అవన్నీ నాకెక్కడొచ్చు?"

అత్తయ్య నా వైపు చూసింది. ఇక తప్పలేదు. అవి ఫోను తయారుచేసిన కంపెనీవాళ్లు అందరికీ పంపేవని, వాటిని తీసేసింది నేనేనని ఇద్దరూ వినేలా చెప్పాను. నన్ను తిట్టినా బాగుండేది. ఆవిడ ముఖం పాలిపోయింది. ఫోను వైపే చూస్తూ నెమ్మదిగా అంది.

"అయితే ఈ రెండేళ్లూ నువ్వు నాకేమీ పంపలేదన్నమాట."

"ఫోను పంపాను కదక్కా" అంది చిన్నత్తయ్య. "చేస్తావని పంపాను."

అత్తయ్య సంచీ భుజాన వేసుకుని, తలుపు తీసుకుని మెట్లు దిగిపోయింది. ఫోను బల్ల మీదే ఉంది.

"అక్కా?" అంటోంది చిన్నత్తయ్య అందులోంచి. "ఉన్నావా అక్కా?"

"బయల్దేరారు చిన్నత్తయ్యా," అన్నాను, "మీ దగ్గరికే వస్తున్నారు."