కాటా మీద చెయ్యి

తొంభై ఆరు, ఐదు నిమిషాల కిందట నూట పదకొండు, అంటే దిగుతోంది, ఇవాళ కూడా దిగుతోంది, ఇదిగో చూడు అని ఫోను ఆమెకు చూపిద్దామనుకున్నాడు కానీ ఆమె గోడవైపు తిరిగి పడుకుంది, నిద్రపోయిందో, అలిగి నిద్ర నటిస్తోందో, ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆ రెండింటికీ తేడా అతనికి ఏనాడూ సరిగ్గా తెలియలేదు, ఎవరి కాటా ఎన్ని గ్రాములు అబద్ధమాడుతోందో వీధి చివరనుంచే చెప్పగల మనిషికి ఇంట్లో ఒక వీపు ఏం చెబుతోందో చదవడం రాదు, తూనికలూ కొలతల ఇన్‌స్పెక్టరని బజారంతా అదిగో కాటా సారు వస్తున్నాడని సర్దుకుంటుంది, ఇక్కడ మాత్రం సాయంత్రం అయిదున్నర రైలుకు నువ్వు వెళ్ళడానికి వీల్లేదని పొద్దున ఒక్కమాట అన్నందుకు ఇప్పటిదాకా మౌనం, పోనీ మానుకుందా అంటే అదీ లేదు, పెట్టె సర్ది తలుపు పక్కన నిలబెట్టింది, దాని మీద అక్క కోసం అల్లిన శాలువా మడిచి పెట్టింది, ఎల్లుండి అక్క కంటికి ఆపరేషన్, కట్టు విప్పగానే నీ మొహమే చూడాలని అక్క పట్టుబట్టిందండీ అని నెల రోజులుగా చెబుతూనే ఉంది, పది రోజులు, ఒక్కతే, దారిలో ఏ స్టేషన్లోనో ఈ అంకె ఇలా జారితే ఎవరు చూస్తారు, ఎనభై ఎనిమిది.

ఆమె ఎడమవైపు ఒత్తిగిలి పడుకుంటే కుడి జబ్బ పైకి ఉంటుంది, ఆ జబ్బ వెనక కోటు బొత్తామంత తెల్లటి బిళ్ళ, దాని అడుగున వెంట్రుకంత తీగ, అది చర్మం కింద తడిని రుచి చూసి చక్కెర ఎంతుందో ఐదు నిమిషాలకోసారి అతని ఫోనుకు చెబుతుంది, ఆమె దాన్ని బొత్తాం అంటుంది, అది మోగినప్పుడు మాత్రం అత్తగారు అంటుంది, మీ అమ్మ పోయాక ఇక నన్ను ఏం తిన్నావు ఎంత తిన్నావు అని అడిగేవాళ్ళు లేరనుకున్నానండీ, ఇదిగో దిగింది, అని నవ్వింది మొదటిరోజు, ఆ నవ్వు వినడానికి ముందు అతను చూసింది వేరే, రెండు నెలల కిందట ఆమె పనిచేసే లైబ్రరీలో బీరువాల మధ్య నేల మీద ఆమె, చుట్టూ ఆమె సర్దుతున్న పుస్తకాలు, ఒకటి తెరుచుకుని ఆమె గుండెల మీద, ఇన్సులిన్ తీసుకుంది, పుస్తకాల లెక్క ముగించే తొందరలో భోజనం మరిచిపోయింది, చక్కెర పడిపోయి స్పృహ తప్పింది, అంతే, ఒక్క పూట మతిమరుపు, ఫోను రాగానే అతను చేతిలో సీలు వేసే ముద్రతోనే పరుగెత్తాడు, ఆ ముద్ర ఆసుపత్రిలో కూడా అతని గుప్పిట్లోనే ఉంది, నర్సమ్మ వేళ్ళు విడదీసి తీసుకుని బల్ల మీద పెట్టింది.

ఆ నర్సమ్మే బొత్తాం అంటించి రెండు మాటలు చెప్పింది, ఆ చెయ్యి మీద బరువు పడనివ్వకండి, అంకె మీద అనుమానం వస్తే వేలు పొడిచి చూసుకోండి, మొదటి మాట తు.చ. తప్పకుండా పాటించారు, ఆమె ఒక్కనాడూ కుడివైపు తిరగలేదు, రెండోది అతనివల్ల కాలేదు, సూది చూస్తేనే ఆమె మొహం చిట్లిస్తుంది, ఆ మొహం చూస్తే అతని చెయ్యి లేవదు, అందుకని రోజూ మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి, ఆమె నడుం వాల్చిన అరగంటా మంచం అంచున కూర్చుని, జబ్బ మీద చెయ్యి వేసి, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని కాపలా, రోజూ అంకె జారుతుంది, అది మోగగానే వంటింట్లోకి పరుగు, గ్లాసెడు నీళ్ళలో మూడు చెంచాల చక్కెర, అతను తిరిగొచ్చేసరికే అంకె కాస్త లేస్తుంది, తాగాక ఇంకా లేస్తుంది, సాయంత్రానికి రెండువందల యాభై దాటుతుంది, డాక్టరు కాగితాలు తిరగేసి ఇదేం విచిత్రమండీ అంటాడు, అసలు విచిత్రం మంగళవారం, శుక్రవారం, ఆ రెండు రోజులూ బజారు తనిఖీ, అతను ఇంటికి రాడు, ఆ రోజుల్లో ఫోనులో అంకెల గీత కుట్టుదారంలా తిన్నగా సాగుతుంది, అంటే నేను లేనప్పుడు నువ్వు చాటుగా ఏదో తింటున్నావన్నాడు ఆమెతో, ఎంత మాట, పైగా ఆఫీసు కాటా తెచ్చి బిస్కెట్ల డబ్బా తూచాడు, సోమవారం ఒకసారి, బుధవారం ఒకసారి, ఒక్క గ్రాము తగ్గితే ఒట్టు, ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని, దొరికిందా అండీ దొంగ అంది, దొరకలేదన్నాడు, డెబ్భై ఎనిమిది.

అతని వేళ్ళు ఇంకాస్త బిగిశాయి, అంకె జారిన కొద్దీ బిగుస్తాయి, పట్టుకోకపోతే ఆమె అలాగే జారిపోతుందేమోనని, వద్దు, ఈ టికెట్టు వద్దు, అక్కకు ఫోను చేసి తనే చెబుతాడు, వదినగారూ ఏమనుకోకండి అని, ఆవిడ కట్టు విప్పగానే నర్సు మొహం చూస్తుంది, ఏం కొంప మునిగింది, లేదు, ఆ మాట అనుకోవడమే పాపం, నిన్న పళ్ళకొట్టువాడు కూడా ఇలాగే ఏదో గొణిగాడు, ద్రాక్ష తూస్తూ పళ్ళెం అంచున బొటనవేలు పెట్టాడు, పట్టుకుంటే, నొక్కలేదు సారూ, గాలికి ఊగుతోందని ఊరికే ఆన్చానంతే, నా మీద ఒట్టు, అన్నాడు, వాడి మొహంలో నిజంగానే మోసం లేదు, అయినా అందరి ముందూ అతను గొంతు పెంచి, ఆన్చినా నొక్కినా కాటాకి తేడా తెలీదయ్యా, దానికి తెలిసింది బరువొక్కటే, చెయ్యి తీసి తూయి, అన్నాడు, అరవై తొమ్మిది, ఫోను మోగింది, కళ్ళు తెరవకుండానే ఆమె, వచ్చారండీ మీ అమ్మగారు, అంది, అంటే నిద్రపోలేదన్నమాట, అతను చక్కెర కోసం లేచాడు, చెయ్యి తీశాడు, తీసినచోట ఆమె జబ్బ మీద నాలుగు వేళ్ళ గుర్తులు, ఎర్రగా, వాటి మధ్య బొత్తాం.

చెయ్యి తీసి తూయి.

మంగళవారం ఈ చెయ్యి ఇక్కడ లేదు, శుక్రవారం లేదు, బరువు పడనివ్వకండి అంటే ఆమె బరువనుకున్నారు ఇద్దరూ, పక్క మీద పడే బరువనుకున్నారు, ఈ అయిదు వేళ్ళ బరువు ఎవరూ తూచలేదు, బిస్కెట్ల డబ్బా తూచాడు, చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ముప్ఫై ఏళ్ళ సర్వీసు, కాళ్ళు వంటింటివైపు లాగుతున్నాయి, గుండె చక్కెర చక్కెర అంటోంది, అయినా సొరుగు తెరిచి సూది పెట్టె తీసి మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, వేలు ఇవ్వు అన్నాడు, ఆమె ఇటు తిరిగి కళ్ళు పెద్దవి చేసి, పొడుస్తారా, మీరా, అంది, వేలు చాపింది, మొహం చిట్లించింది, అతనే గట్టిగా కళ్ళు మూసుకుని పొడిచాడు, ఆవగింజంత నెత్తురు, మిషన్ మీద నూట పద్నాలుగు, ఫోనులో అరవై ఆరు, రెండూ పక్కపక్కన పెట్టుకుని, చేతులు ఒళ్ళో కట్టుకుని, దేన్నీ ముట్టుకోకుండా కూర్చున్నాడు, ఐదు నిమిషాలకు డెబ్భై తొమ్మిది, ఇంకో ఐదుకు తొంభై ఏడు, ఆ తర్వాత నూట తొమ్మిది, చక్కెర లేదు, చెయ్యి లేదు, తనంతట తనే లేచింది.

ఏమైందండీ అలా అయిపోయారు అంది, ఏం లేదు, దొంగ దొరికాడు అన్నాడు, నేనే నొక్కుతున్నాను, రోజూ, నొక్కి అంకె దించి, భయపడి, నీకు చక్కెర పోసి, మళ్ళీ నిన్నే అనుమానించాను, నువ్వు మళ్ళీ పడిపోతావేమోనని, ఆ పుస్తకాల మధ్య నిన్ను చూశాక, అంటుండగానే ఆమె లేచి కూర్చుని జబ్బ తడుముకుంది, తెలుసు, కాస్త నొప్పెడుతూనే ఉంటుంది అంది, మరి చెప్పలేదే అంటే, ఎందుకు చెబుతాను, మీ వేళ్ళు వణుకుతుంటాయి, పట్టుకున్నాక ఆగుతాయి, నా నొప్పిదేముంది అంది, అంకె సంగతి మాత్రం నాకూ తెలీదు సుమండీ, తెలిస్తే ఆ చక్కెర నీళ్ళు తాగేదాన్నా, అని నవ్వి, పాపం అక్క, అని పెట్టెవైపు చూసింది, అడగలేదు, అతనే లేచి సూది పెట్టె, చక్కెర బిళ్ళలు శాలువా కింద సర్ది, బోగీలో పక్కన ఎవరున్నా బొత్తాం గురించి ముందే చెప్పు, అనుమానమొస్తే వేలు పొడుచుకో, వేళకు తిను, అన్నాడు, సరే అత్తగారూ అంది, నాలుగు దాటాక బండి పిలిచాడు, అది రావడానికి పావుగంట, మళ్ళీ మంచం అంచున కూర్చున్నాడు, చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాలి మీద పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకుంటుంటే ఆమె చూసి ఎడమచెయ్యి చాపి, ఇది పట్టుకోండి, దీనికి బొత్తాం లేదు, అంది, పట్టుకున్నాడు, ఫోను బోర్లించి ఉంది, అతను తిప్పి చూడలేదు, ఇన్నాళ్ళూ పడిపోకుండా ఆమెను తను పట్టుకున్నాననుకున్నాడు, ఆమే నొప్పిని ఓర్చుకుని రోజుకో అరగంట తనను పట్టుకుంది.