మల్లిగాడి మెడపట్టీ

ఉచ్చీరప్ప బుట్టమూత తాడును రెండుసార్లు లాగి చూసుకున్నాడు. లోపల రక్తపింజరి బుసకొట్టింది. “ఊరుకోవే తల్లీ, పొద్దున్నే ఏం కోపం!” అన్నాడు. పాములు పట్టే మద్దయ్యను అడిగి తెచ్చుకున్నది అది.

ఆదోనిలో పత్తిమిల్లు నడిచినన్నాళ్ళు అతను బేళ్ళు మోస్తాడు. భుజం ఒకవైపు ఒరిగింది అందుకే. వానలు పడి మిల్లు మూస్తే కుక్కపిల్లలకు పాముభయం నేర్పుతాడు. కుక్కపిల్ల పాముబుట్టను వాసన చూడబోయినప్పుడల్లా రాళ్ళు పోసిన రేకుడబ్బా గలగలలాడిస్తాడు, అంతే.

మొదట్లో కుబుసానికి మిరపకారం రాసేవాడు. ముక్కు మండి కుక్కలు ఆమడదూరం పారిపోయేవి. తన తెలివికి తానే మురిసిపోయాడు. కర్నూలు రాజధాని అయిన ఏడు, అతని సొంతకుక్క మల్లిగాడు తోకాడిస్తూ నాగుపాము దగ్గరికి పోయి కాటుకు చచ్చాడు. పాముకు కారం వాసన ఉండదు మరి! వాడు భయపడింది కారానికి, పాముకు కాదు. పాపం, తప్పు వాడిది కాదు. వాడి మెడపట్టీ మూడేళ్ళుగా గోడమేకుకు వేలాడుతోంది.

దేవనకొండ నుంచి దేవక్క బండి కట్టుకొని వచ్చింది. పోయినేడు ఆమె కుక్క పాముకాటుకే చచ్చింది. ఈసారి చేలో మనవరాలికి ఊయల కట్టాలి, కాపలాకు ఉచ్చీరప్ప దగ్గర నేర్చుకుంటున్న కుక్కపిల్ల కరియ కావాలి.

“నేర్సుకున్నాదా అప్పా?”

“సూద్దాం పాక్కా. ఈరోజు డబ్బా మోగదు. బుట్టకు ఆపక్క నిలబడి సంగటి సూపిచ్చి పిలువు. నేరుగా వచ్చినాడంటే మాత్రం నేనియ్యను.”

కరియ పరుగెత్తాడు. సంగటంటే ప్రాణం వాడికి. బుట్ట రెండు బారల దూరం ఉందనగా ఆగాడు. వెన్నుమీద వెంట్రుకలు లేచాయి. డబ్బా కదిలించాలని ఉచ్చీరప్ప వేళ్ళు తహతహలాడాయి. కదిలించలేదు.

“రా నాయనా!” దేవక్క మళ్ళీ పిలిచింది.

కరియ మొరిగాడు. ముందడుగు వేయలేదు. కంచెదాకా వెనక్కి జరిగి, దాని వెంబడి పెద్ద చుట్టు తిరిగి ఆమె కాళ్ళ దగ్గరికి చేరాడు. సంగటి ముద్ద గుటుక్కున మింగేశాడు.

“బలేవాడివిరా దొంగా!” ఉచ్చీరప్పకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. లోపలికి పోయి మేకుకున్న పట్టీ తెచ్చి, దుమ్ము దులిపి కరియ మెడకు కట్టాడు.

“ఇది మీ మల్లిగానిది కదప్పా?”

“వానికి తప్పు నేర్పించినా అక్కా. వీనికి నేర్పించింది ఒప్పే. కట్టుకోనీ.”

బండి కదిలింది. కరియ ఒక్కసారి వెనక్కి చూసి, దేవక్క ఒళ్ళో తల పెట్టుకున్నాడు. మలుపు దాటేదాకా నిలబడి, ఉచ్చీరప్ప ఇంట్లోకి పోయి అలవాటుకొద్దీ గోడవైపు చూశాడు.

పొగచూరిన గోడకు మేకొక్కటే ఉంది. దాని కింద, పట్టీ వేలాడినంత మేర సున్నం గుండ్రంగా, తెల్లగా ఉంది.