గుండెకు పోసిన నీళ్లు

రొద్దం చుట్టుపక్కల ఏ బోరు మోటరు మొరాయించినా ఫకీర్ సాబ్‌ను పిలవాల్సిందే. నలభై ఏళ్ల చేయి ఆయనది. పైపు మీద అరచెయ్యి ఆనించి లోపలి జబ్బు చెప్పేవాడు. అలాంటివాడు ఆయాసమని వెళితే హిందూపురం ఆసుపత్రిలో స్కానింగు తీసి, గుండె నూటికి ముప్పై మాత్రమే పంపు చేస్తోందని చెప్పారు. ఆయనకు భయం కంటే ముందు కోపం వచ్చింది. పంపు గురించి తనకే చెప్పడమా, తాతకు దగ్గులు నేర్పినట్టు!

డాక్టరమ్మ వైష్ణవి మాత్రలు రాసింది. ఉప్పు తగ్గించమంది, రోజుకు లీటరున్నరకు మించి నీళ్లు తాగొద్దంది, పొద్దున్నే బరువు చూసుకోమంది. ఫకీర్ సాబ్ బుద్ధిగా తలూపి బయటికొచ్చాడు.

"నీళ్లు లేకుండా తిప్పితే యా మోటరైనా కాలిపోతాది. ఆ యమ్మకు ఏం తెలుసు?" అన్నాడు భార్య జైనాబీతో.

మాత్రలు వేసుకున్నాడు. వాటి వెంట చెంబులకు చెంబులు నీళ్లూ తాగాడు. జైనాబీ అడ్డం పడితే "నువ్వెన్ని మోటర్లు దింపినావు?" అని నోరు మూయించాడు. జబ్బు సంగతి మాత్రం ఊళ్లో పొక్కనివ్వలేదు. ఆయాసపడే మెకానిక్కును బోరు దగ్గరికి ఎవరు పిలుస్తారు? పిలుపులు ఆగిపోతే తాను బతికుండీ లేనట్టే అనుకున్నాడు.

ఐదో రోజుకు నాలుగు కిలోలు పెరిగాడు. తిండి ఒంటబట్టిందని సంబరపడ్డాడు. చెప్పులు పట్టకపోతే అమ్మినవాణ్ణి తిట్టాడు. ఆరో రోజు మధ్యాహ్నం నడుం వాల్చితే ఊపిరాడలేదు. అప్పుడు భయపడ్డాడు, నిజంగానే. జైనాబీ ఆటో పిలిచింది.

ఇంజెక్షన్లతో ఒంట్లో నీరు దిగాక వైష్ణవి మంచం పక్కన కూర్చుంది.

"పంపుకు బలం తగ్గినాక కూడా గుంతలోకి నీళ్లు వదుల్తానే ఉంటే ఏమైతుంది, సాబ్?"

"ఎత్తిపోయలేదు. చుట్టూ ఉండే మడి మునుగుతాది."

"మీకు మునిగిన మడి ఊపిరితిత్తులు."

ఫకీర్ సాబ్ అరచెయ్యి గుండె మీద ఆనించుకున్నాడు. "ముప్పైతో ఎన్నాళ్లమ్మా?" అన్నాడు.

"మంచి గుండె కూడా వంద పంపు చెయ్యదు, అరవైకి అటూ ఇటూ. మీకు అందులో సగముంది. మాత్రలు మానకుంటే కొంత పెరగొచ్చు. బరువులు మాత్రం ఎత్తొద్దు."

ఇల్లు చేరిన మర్నాడే రైతు చెన్నకేశవులు ఫోను.

"సాబూ, బోరులో నీళ్లు తగ్గి మోటరు గాలి పోస్తాండాది. శెనక్కాయ ఎండిపోతాది, బిరీన రాప్పా!"

"వాల్వ్ సగం మూసి నడుపు. వచ్చేదాంతోనే కొంచెం కొంచెం తడుపుకో."

"సగంతో యాడ బతుకుతాదబ్బా! సగంతో ఈడ్చుకొచ్చేది ఎట్లుంటాదో నీకేం తెలుసు?"

ఇన్నాళ్లు దాచిన మాట ఫకీర్ సాబ్ గొంతు దాకా వచ్చింది. జైనాబీ వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

"తెలుసప్పా," అన్నాడు. "నా గుండె సగమే పనిచేస్తాండాది. నేను రాలేను. వాల్వ్ కాడికి నువ్వే పో, ఎట్ల తిప్పాల్నో చెప్తా."